పెద్దల పీట మీది గిన్నె

ముందుగా మన్నించమని అడగాలి. ఈ వారం కూడా ఆలస్యంగానే పంపుతున్నాను. మీరు టీ చల్లారేలోపు చదివేసేది రాయడానికి నాకు వారమంతా పడుతుంది. భర్త పోయాక, జుట్టు నెరిశాక పలక పట్టినదాన్ని. ఒత్తులు ఎక్కడ ఇవ్వాలో, ఎక్కడ ఇవ్వకూడదో నా చేతికి ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. పత్రికవాళ్లు సరిచేస్తామన్నారు. వాళ్ల కంటికి కూడా తప్పించుకున్నవి ఉంటే మీరు సర్దుకోండి.

కిందటి వారం ఎక్కడ ఆపానో చెబుతాను. వియత్నాంలో మా పక్క పల్లె పిల్ల దియెప్, లెక్కల్లో పెద్ద చదువు చదవడానికి జర్మనీలోని ఈ హాలె నగరానికి వచ్చి, మా ఇంట్లో చిన్న గదిలో ఉంటోంది. టికెట్టు చవగ్గా దొరికిందని ఆగస్టు చివర్లోనే దిగిపోయింది. క్లాసులేమో అక్టోబరు నడిమికి గానీ మొదలవ్వవు. ఆ మధ్య ఖాళీని ఏం చేసుకోవాలో దానికి తెలియలేదు. తోటి పిల్లలు ఇంకా ఊళ్లోకి రాలేదు. నేను పొద్దున్నే బట్టలు సరిచేసే నా కొట్టుకి పోతే దీపాలు పెట్టేవేళకి గానీ రాను. పిల్ల ట్రామెక్కి చివరి స్టాపుదాకా పోయి, ఓక్ అడవిలో నడిచి, మళ్లీ ట్రామెక్కి వచ్చేది. శనివారం నేను బెర్లిన్‌లో స్నేహితురాలి మనవడికి నెల నిండిన పండుగకి వెళ్లాను. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేసరికి దియెప్ బాత్రూములో గోడకి జారబడి కూర్చుని ఉంది. కడుపులో ఏమీ నిలవడం లేదు. "ఇక్కడి పెరుగు నాకు పడలేదు పిన్నీ" అంది. నేనూ నమ్మాను. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టిస్తూ కూర్చున్నాను. అక్కడ ఆపాను.

సోమవారం పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి ఇల్లంతా ఇస్త్రీ వాసన. వంటింట్లోకి వెళ్లి చూస్తే దియెప్ బల్ల మీద దుప్పటి మడిచి పరుచుకుని తెల్ల జాకెట్టు ఇస్త్రీ చేసుకుంటోంది. తల దువ్వుకుంది. పెదాలకి రంగు కూడా వేసుకుంది.

"ఏమ్మాయ్, లేచావా?" అన్నాను.

"లేవడమేమిటి పిన్నీ, ఆకలేసి రెండు గుడ్లు వేయించుకుని తిన్నాను కూడా. నీకూ వేయనా?"

"కడుపులో నిలిచాయా?"

"నిలవడమేంటి, ఇంకో రెండు తెమ్మంటున్నాయి." నవ్వింది. "నిన్న చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఇవాళ చూడు, పెళ్లికూతుర్లా లేనూ?"

"పెళ్లికూతురి కళ్లకింద ఇంత నలుపుంటే మగపెళ్లివాళ్లు భోజనాలకి ముందే లేచిపోతారు."

"మగపెళ్లివాళ్లతో నాకేం పని. యూనివర్సిటీ వాళ్లు లేచిపోకుండా ఉంటే చాలు."

ఆ రోజే దాని పేరు నమోదుకి ఆఖరు. అసలు సర్టిఫికెట్లు పట్టుకుని తనే వెళ్లి చూపించాలి. ఇన్నాళ్లూ ఏ పనీ లేక ట్రాముల్లో తిరిగిన పిల్లకి, ఇదొక్కటీ నిజమైన పని. ఎన్ని రోజులుగానో ఆ కాగితాలన్నీ ఒక సంచీలో సర్ది, తీసి, మళ్లీ సర్దుతోంది. నిన్న బాత్రూములో కూర్చుని కూడా "సోమవారం, సోమవారం" అనే అంటూ ఉంది.

నాకు ప్రాణం కుదుటపడింది. గంజి కాచి ఇద్దాం, బయలుదేరే ముందు తాగి పోతుంది అనుకుని, రాత్రి మిగిలిన అన్నం కోసం ఫ్రిజ్ తెరిచాను. అన్నం వెనకాల మూతపెట్టిన గిన్నె ఒకటి ఉంది. దాని పక్కన పాత పేపరులో చుట్టిన పొట్లం. గిన్నెలో టోఫు, పుట్టగొడుగు ముక్కలు వేసిన చారు. పొట్లం విప్పాను.

కోడిగుడ్డంత ఉన్నాయి. తెల్లవి, రెండు. ఒకదానికి పైపొర కొంచెం చిరిగి లోపలి బుడిపె బయటికి తొంగిచూస్తోంది.

"అయ్యో, చూసేశావా" అంది దియెప్ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి. "నిన్ను కూర్చోబెట్టి కళ్లు మూసుకోమని చూపిద్దామనుకున్నాను. మన గడ్డి పుట్టగొడుగులు పిన్నీ. గుర్తుపట్టావా?"

గుర్తుపట్టకపోవడమేమిటి. మా వైపు కోతలైపోయాక తడిసిన వరిగడ్డి కుప్పల్లో ఇలాగే గుడ్లు గుడ్లుగా లేస్తాయి. మా అమ్మ నన్ను పొద్దున్నే లేపి పంపేది, వేరేవాళ్లు ఏరుకుపోతారని. ఆ చారు తాగి పెరిగినవాళ్లెవరైనా, పరాయి దేశంలో, చెట్టుకింద ఆకుల్లో ఇవి కనపడితే మోకాళ్ల మీద కూర్చుండిపోతారు. నేనైనా అంతే చేసేదాన్ని. నా పక్కన ఖోయ్ లేకపోయి ఉంటే.

ఖోయ్ నా భర్త. బట్టల మిల్లులో పనికని మమ్మల్ని ఈ దేశం తీసుకొచ్చిన తొలి ఏడాదే, తోటి పనివాళ్లతో అడవులు తిరిగి పుట్టగొడుగులు ఏరడం నేర్చుకున్నాడు. గోధుమరంగువి తెచ్చేవాడు, పసుపువి తెచ్చేవాడు. తెల్లది ఒక్కటి కూడా మా గడప దాటి లోపలికి రానిచ్చేవాడు కాదు. "ఈ దేశంలో తెల్లగా గుడ్డులా కనపడిందనుకో లువా, చేతులు వెనక్కి కట్టుకుని నడిచిపో" అనేవాడు. పక్క ఊరి హాస్టల్లో మా వాళ్లే ఇద్దరు తిన్నారట. ఒక రోజంతా డోకులు. మర్నాడు లేచి, తగ్గిపోయిందని హాస్టల్లో పాటలు పెట్టుకుని గంతులేశారట. ఆ తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. అక్కడితో ఆ కథ ఆపేసేవాడు. మిగతాది నేను ఎప్పుడూ అడగలేదు.

"ఎక్కడివివి?" అన్నాను.

"అడవిలో. ఓక్ చెట్టుకింద. నీకు నవ్వొస్తుంది గానీ, చూడగానే ఏడుపొచ్చింది పిన్నీ. వచ్చినప్పటినుంచీ నన్ను ఎరిగినదేదీ కనపడలేదు ఇక్కడ. ఇవే మొదటివి."

"మనవి పైన బూడిద రంగులో ఉంటాయి కదే. ఇవి తెల్లగా ఉన్నాయి. అనుమానం రాలేదా?"

"ఇక్కడి చలికి తెల్లబడ్డాయనుకున్నాను. ఇక్కడికొస్తే మనమూ తెల్లబడతామంటారుగా ఊళ్లో." మళ్లీ నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది. "ఏంటి పిన్నీ?"

"ఎప్పుడు తిన్నావు?"

"శనివారం. పౌర్ణమి కదా, నీచు ముట్టని రోజు. టోఫు, ఇవి వేసి చారు పెట్టాను. నీ కోసం దాచాను కూడా."

నేను చెప్పాను. ఖోయ్ చెప్పినదంతా చెప్పాను, పాటలు పెట్టుకుని గంతులేయడంతో సహా. దియెప్ వింటూ జాకెట్టు తొడుక్కుంది. గుండీలు పెట్టుకుంది.

"అయితే డోకులు దానివల్లేనన్నమాట. పాపం పెరుగుని తిట్టాను" అంది. "పోనీలే, వెళ్లిపోయిందిగా. ఇప్పుడు నాకేం లేదు."

"ఏం లేనట్టు ఉండడమే అమ్మా దాని తీరు."

"అదేం మాట పిన్నీ. బాగోకపోతే జబ్బంటావు. బాగుంటే అదీ జబ్బేనంటావు. నేను ఎలా ఉంటే నీకు ఒప్పుకోలు?"

ఆ పిల్ల కాళ్లు నేలమీద గట్టిగా ఉన్నాయి. బుగ్గలకి కాస్త రంగు కూడా వచ్చింది. నేను ఏం చెప్పినా, అది అలా నిలబడి ఉండడమే నా మాటని కొట్టిపారేస్తోంది.

విషాలకి సలహా చెప్పే నంబరొకటి ఉంది. ఫోన్ చేశాను. అవతల ఆడగొంతు, ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎంతసేపటికి డోకులు మొదలయ్యాయి అని అడిగింది. చెప్పాను. "ఇప్పుడెలా ఉన్నారు?" అంది. "బాగానే ఉంది, గుడ్లు తింది" అన్నాను. ఇంటి చిరునామా అడిగి రాసుకుంది. తర్వాత, ఆసుపత్రి బండి పంపిస్తున్నాం, మిగిలిన పుట్టగొడుగుల్ని పారేయకండి అంది.

దియెప్ బూట్లు వేసుకుని, సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఎక్కడికి?"

"ఒక్క సంతకం పిన్నీ. పెట్టేసి అటునుంచి అటే ఆసుపత్రికి వెళతాను. ఒట్టు."

"దియెప్, కూర్చో."

"ఇవాళ వెళ్లకపోతే నా సీటు పోతుంది. నీకు తెలియదు. మా అమ్మ ఊరందరికీ భోజనం పెట్టి పంపింది. క్లాసు మొహం చూడకుండానే వెనక్కిపోతే, ఏం చేసొచ్చావే అని అడిగితే, ట్రామెక్కాను, అడవిలో తిరిగాను, అని చెప్పనా?"

నేను వెళ్లి వీధి తలుపుకి వీపు ఆనించి నేలమీద కూర్చున్నాను. మోకాళ్లు నొప్పి. లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. అందుకే కూర్చున్నాను.

"లే పిన్నీ. బాగోదు."

"బాగోకపోతే చూడకు."

"నన్ను దాటిపొమ్మంటావా నీ మీంచి? పెద్దదాన్ని దాటితే పాపం."

"దాటు మరి. నీకేగా పాపం."

అది నా ఎదురుగా నిలబడింది. ఒకసారి గడియారం చూసింది, ఒకసారి నన్ను చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "వచ్చినప్పటినుంచీ పనిలేక చచ్చాను పిన్నీ. ఒక్క పని దొరికింది. అదీ చేసుకోనివ్వవా?" అంది నెమ్మదిగా. చెయ్యిచ్చి నన్ను లేపి పక్కకి జరిపి పోగలదు. ఆ బలం ఉంది దానికి ఆ పొద్దున. కానీ చెయ్యివ్వలేదు. అలాగే నిలబడింది. అంతలో గంట మోగింది.

వచ్చిన ఇద్దరికీ రోగి ఎవరో అర్థం కాలేదు. నేల మీద కూర్చుని, జుట్టు విరబోసుకుని ఉన్నది నేను. ఇస్త్రీ జాకెట్టులో, పెదాలకి రంగుతో నిలబడి ఉన్నది తను. వాళ్లలో పెద్దాయన నా పక్కన మోకాలు మీద కూర్చుని "ఏమైందమ్మా?" అని నా నాడి పట్టుకున్నాడు. దియెప్ పకాలున నవ్వింది. "ఆవిడ కాదండీ, నేను. కానీ నాకేం లేదు. టీ తాగుతారా?" అంది. వాళ్లూ నవ్వారు.

నేను వంటింటి వైపు చూపించాను. రెండోవాడు వెళ్లి పేపరు పొట్లం విప్పి చూశాడు. ఇటు తిరిగేసరికి అతని మొహంలో ఇందాకటి నవ్వు లేదు. పెద్దాయన చేతికిచ్చాడు. ఆయన చూసి, జాగ్రత్తగా మళ్లీ చుట్టాడు. పసిపిల్లని గుడ్డలో చుట్టినట్టు చుట్టాడు.

దియెప్ ఆయన చేతుల్నే చూసింది. నా మాటలన్నీ చేయలేనిది ఆ చుట్టడం చేసింది. భుజం మీది సంచీ జారి నేల మీద పడింది. పక్కనున్న కుర్చీ తడుముకుని కూర్చుంది.

"బూట్లు వేసుకునే ఉన్నావుగా. పద, నెమ్మదిగా దిగుదాం" అన్నాడు పెద్దాయన. ఐదో అంతస్తునుంచి కిందిదాకా మెట్ల మీద దాని చెయ్యి పట్టుకునే దిగాడు.

ఆసుపత్రిలో రక్తం తీసుకుపోయారు. మళ్లీ తీసుకుపోయారు. నల్లటి బొగ్గుపొడి నీళ్లలో కలిపి తాగించారు. చేతికి సూది గుచ్చి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. డాక్టర్ హోర్నిగ్ అని నడివయసు ఆవిడ, కళ్లజోడు తలమీదికి తోసుకుని, మంచం అంచున కూర్చుంది.

"దీనికి మందుంది. మొదలుపెట్టాం" అంది. "మిగతాది కాలేయం చెప్పాలి. రక్తంలో అంకెలు పొద్దుటికంటే ఇప్పటికి పెరిగాయి. రేపు, ఎల్లుండి చూడాలి. అవసరమైతే ఇంకా పెద్ద ఆసుపత్రికి పంపిస్తాం."

"నాకు నొప్పేం లేదు డాక్టరుగారూ" అంది దియెప్.

"తెలుసు."

"క్లాసులు మొదలయ్యేలోపు తగ్గిపోతుందా?"

డాక్టరు సీసాలోంచి చుక్కలు పడడం చూస్తూ "క్లాసులు ఎప్పుడు?" అంది. దియెప్ చెప్పింది. ఆవిడ తల ఊపింది. అది అవునని ఊపడమో, విన్నానని ఊపడమో నాకు తెలియలేదు. దియెప్ మాత్రం అవుననే తీసుకుంది. "చూశావా పిన్నీ. నువ్వు ఈలోపు ఆ సంచీ పట్టుకుపోయి వాళ్లకి చూపించు. నా ఫొటో ఉందిగా దాంట్లో."

"నా మొహం చూసి లెక్కల పీజీలో వేసుకుంటారా?"

"జిప్పులు కుట్టేటప్పుడు నువ్వు వేసే లెక్కలు చాలు" అంది. ఇద్దరం నవ్వాము. డాక్టరు నవ్వలేదు.

"ఆ చారు ఇంకెవరెవరు తిన్నారు?" అని అడిగింది.

"ఎవరూ లేరు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను బెర్లిన్‌లో ఉన్నాను" అన్నాను నేనే తొందరపడి.

"మీరు?" అని దియెప్‌ని అడిగింది.

"నేనొక్కదాన్నే" అంది దియెప్.

డాక్టరు రాసుకుని వెళ్లిపోయింది. నేను దియెప్ పాదాల మీద దుప్పటి సరిచేస్తున్నాను. చేతులకి ఏదో ఒక పని ఉండాలి కదా. అప్పుడు గుర్తొచ్చింది. శనివారం పౌర్ణమి. మా ముందుగదిలో పోయినవాళ్లకి నైవేద్యం పెట్టే పెద్దల పీట ఉంది, దాని మీద ఖోయ్ ఫొటో. ఆదివారం సాయంత్రం నేను వచ్చి దండం పెట్టుకున్నప్పుడు పీట మీది అగరొత్తులు కాలి బూడిద రాలి ఉంది. ఆయన గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"చిన్నాన్నకి పెట్టావా?" అన్నాను.

"పెట్టకుండా ఎలా తింటాను పిన్నీ. కొత్తగా దొరికింది, మొదట ఆయనకే పెట్టాను."

"దించాక ఆ గిన్నె నువ్వే తిన్నావా?"

"లేదు." కిటికీ వైపు తిరిగింది. "పారేశాను."

మా ఇళ్లలో పీట మీదినుంచి దించినది ప్రసాదం. మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటాం. తినేవాళ్లు లేకపోతే పక్కింటికి పంపుతాం, దారిన పోయేవాళ్లని పిలిచి పెడతాం. ఆ పిల్ల అమ్మని నేనెరుగుదును. పీట మీది అరటిపండు నల్లబడినా తినిపించే మనిషి. ఆమె కూతురు ఆ గిన్నె పారేసిందంటే నేను నమ్మాలా?

"నా వైపు చూసి చెప్పు."

చూడలేదు.

"దియెప్. పీట మీదిది పారేశావా నువ్వు?"

"మాటిచ్చాను పిన్నీ."

"ఎవరికి?"

"అక్కకి" అంది.

కిందటి భాగాలు చదవనివాళ్ల కోసం చెబుతున్నాను. నాకు ఒక్కతే కూతురు, హన్. ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది. తండ్రి పోయిన నూరో రోజు, పీట మీదినుంచి దించిన అన్నం దాని చేతికిస్తే "చచ్చినవాళ్ల ఎంగిలి నేను తినను" అని పళ్లెం బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది. అంతే. మళ్లీ మా గడప తొక్కలేదు. నేను ఫోన్ చేస్తే తీయదు. పుట్టినరోజుకి ఒక ముక్క సందేశం పంపిస్తుంది. మూడేళ్లయింది.

"హన్ వచ్చిందా? మన ఇంటికి?"

"నువ్వు బెర్లిన్ వెళ్లావని ఎవరో చెప్పారట. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. నేను ఇంకా తినలేదు, పీట ముందు అగరొత్తులు సగం కాలాయి. లోపలికొచ్చి, నువ్వెవరు అంది. చెప్పాను. బూట్లు విప్పి పీట ముందు నేల మీద కూర్చుంది. చాలాసేపు చిన్నాన్న ఫొటోనే చూసింది. తర్వాత, ఏంటి ఈ వాసన అంది. పుట్టగొడుగుల చారు, అడవిలో దొరికాయి అన్నాను." దియెప్ కళ్లు తుడుచుకుంది. సూది ఉన్న చెయ్యి అని మరిచిపోయి అదే చేత్తో తుడుచుకోబోతే నేను పట్టుకున్నాను. "మా నాన్న కూడా ఆదివారాలు అడవినుంచి తెచ్చేవాడు, ఇల్లంతా ఇదే వాసన ఉండేది అంది. అగరొత్తులు అయిపోయేదాకా ఆగింది. తర్వాత తనే లేచి గిన్నె దించింది పిన్నీ. నేను ఇవ్వలేదు. నాన్నది నేనే తింటాను అని తనే దించుకుంది."

"తిందా?"

"మొత్తం తింది. గిన్నె వంచి తాగింది. ఇంకొంచెం ఉందా అని అడిగింది. నా దానిలోంచి కూడా పోశాను."

గదిలో ఏదో మిషను టిక్కు టిక్కుమంటోంది. మూడేళ్లుగా ప్రతి పౌర్ణమికీ నేను ఆ పీట ముందు నిలబడి ఖోయ్‌ని అడిగింది ఒక్కటే. నీ కూతుర్ని ఒక్కసారి వచ్చి నీ గిన్నె ముట్టేలా చెయ్యి అని.

"అమ్మతో చెప్పకు, నేనే చెబుతాను, తిరిగొచ్చాక అంది" అంటోంది దియెప్. "ఎంత సంతోషంగా వెళ్లిందో పిన్నీ. నన్ను కౌగిలించుకుంది. ఈ ఊళ్లో నన్ను ముట్టుకున్న మొదటి మనిషి. అందుకే మాటిచ్చాను. నాకు ఒంట్లో బాగయ్యాక, ఆమెకీ బాగయ్యే ఉంటుందిలే అనుకున్నాను."

"తిరిగొచ్చాక అంటే? ఎక్కడికి వెళ్లింది?"

"సెలవు పెట్టిందట. ఏదో ఓడ అంది."

డాక్టరుని పిలవమన్నాను. దియెప్ మంచం పక్కనున్న బటన్ నొక్కింది. నేను నడవాలోకి వచ్చి ఫోన్ తీసి హన్ పేరు వెతుక్కున్నాను. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. నా ఫోన్ తీయకపోవడం దానికి అలవాటే. అది అలవాటేనో, ఫోన్ తీయలేని స్థితిలో ఉందో నాకెలా తెలుస్తుంది? డాక్టర్ హోర్నిగ్ నా వైపే గబగబా వస్తోంది, వెనకాల నర్సు. మూడోసారి చేశాను.

గాలి చప్పుడు. ఎవరో పిల్లల కేరింతలు. ఆ తర్వాత:

"అమ్మా?"

ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. ఒక్క క్షణం నేనెందుకు ఫోన్ చేశానో మరిచిపోయాను.

"హన్. ఎక్కడున్నావు తల్లీ?"

"దియెప్ చెప్పేసిందా? చెప్పొద్దన్నానే దానికి." గొంతులో కోపం లేదు. "కోప్పడకు. నేనే చేద్దామనుకున్నాను. నాన్నది తిన్నానమ్మా. చారు ఎంత బాగుందో. ఆ రోజు నేనన్న మాట..."

"అదంతా తర్వాత. ఒంట్లో ఎలా ఉంది నీకు?"

"నీకెలా తెలుసు?" నవ్వింది. "నిన్నంతా రేవు దగ్గర హోటల్లో ఒకటే డోకులు. ప్రయాణం మానేద్దామనుకున్నాను. ఎలాగో ఓడెక్కి పడుకున్నాను. ఫిన్లాండ్ పోతున్నా అమ్మా. చుట్టూ నీళ్లే. రేపు పొద్దుటిదాకా నేల కనపడదట."

డాక్టరు నా ఎదురుగా నిలబడి చెయ్యి చాపింది, ఫోన్ ఇవ్వమని. నేను దాన్ని ఇంకా చెవికి ఆనించుకున్నాను.

"హన్, విను. ఇప్పుడే ఓడవాళ్ల దగ్గరికి వెళ్లు. ఇప్పుడే. వెళ్లి చెప్పు, నేను..."

"ఏంటమ్మా? వినపడటం లేదు, గాలి. ఏం కంగారుపడకు, ఇవాళ తగ్గిపోయింది." దాని గొంతు దూరమవుతూ, మళ్లీ దగ్గరవుతూ ఉంది. "పొద్దున లేచేసరికి ఎంత తేలిగ్గా ఉందో. ఆకలేసి రెండు గుడ్లు తిన్నాను కూడా."

ఫోన్ తెగిపోయింది.

దోవాన్ థి లువా, అరవై ఏడేళ్లు. ఇప్పటికీ హాలె నగరంలో, ఆ ఐదో అంతస్తులోనే ఉంటున్నాను.